కళ్లజోడు సైగ

2015లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డా, మా ఆదివారం బ్రిడ్జి ఆగలేదు. పెద్ద పద్ధతులు మనకెందుకని సొంత లెక్క పెట్టుకున్నాం: ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1. 13 ఉంటే పాట మొదలెట్టాలి. జోడీ పాడాక 6 ఉంటే బదులు పలకాలి.

మొన్న నా చేతిలో 11 మాత్రమే. ఎదురుగా మావారు కళ్లజోడు సవరించుకున్నారు. మంచి ముక్కలొస్తే ఆయన అలవాటది. నాకు తప్ప ఎవరికీ తెలీదు. పాడేశాను, గెలిచాం.

"అదెలా పాడారు వదినా?" అంది పక్కింటావిడ. నాకు నోట మాట రాలేదు.

కాపురంలో కంటిచూపుతో మాట్లాడుకోవడం ముచ్చటే కదా, పేకలో తప్పెలా అయింది? బ్రిడ్జిలో మన పాటకు అర్థమేమిటని అవతలివాళ్లు అడగొచ్చు, చెప్పితీరాలి. అడిగితే చెప్పుకోలేని భాషే మోసం. ఆయన సైగ తెలీక చేసిందే, వాడుకున్నది నేను.

ఈ ఆదివారం సంగతి చెప్పేసి, ఆ ఆట పాయింట్లు కొట్టేయించాను. పాపం, మావారు ఇప్పుడు కళ్లజోడు ముట్టుకోడానికే జంకుతున్నారు!