అధికారి యెవ్వరు?

విద్యకు అధికారి యెవ్వరను ప్రశ్న మన శాస్త్రములంత ప్రాచీనమైనది. బ్రహ్మసూత్రముల ప్రథమాధ్యాయముననే యొక యధికరణము దీనికై యేర్పడినది. భాష్యకారులు సుదీర్ఘముగా విచారించి, వేదవిద్యకు కొందరే యర్హులని నిర్ణయించి, తక్కినవారికి ఇతిహాసపురాణముల ద్వారమును తెరచియుంచిరి. ఈ విచారమంతయు శిష్యుని చుట్టును తిరిగినది. వాని జన్మమెట్టిది, సంస్కారమెట్టిది, శమదమాదులు కలవా లేవా యని వానిని నిలువున పరీక్షించిరి. గురువు శ్రోత్రియుడును బ్రహ్మనిష్ఠుడును కావలెనని ముండకోపనిషత్తు విధించినమాట నిజమే. కాని యది గురువునకు విద్యతోడి సంబంధమును చెప్పునే కాని, ఎదుట నిలిచిన యీ బాలునితోడి సంబంధమును చెప్పదు. వీనికి బోధించుటకు నేను అర్హుడనా యని గురువు తన్ను తాను ప్రశ్నించుకొనిన ఘట్టములు మన వాఙ్మయమున బహు స్వల్పము.

ఈ ప్రశ్నను శాస్త్రచర్చగా గాక జీవితముగా నడిపిన యుపాధ్యాయుడు ఒకడు మన కళింగాంధ్రమున నుండెను. ఆయన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపమందలి పర్వతాలపేటలో 1863 ఆగష్టు 29వ తేదీన జన్మించి, బాల్యముననే తండ్రిని కోల్పోయి, విజయనగరమున మేనమామయింట చేరి చదువుకొని, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలయందు ఉపాధ్యాయుడై, 1911 వరకు ఆ యూరనే బోధకవృత్తిలో గడపిరి. పిల్లలకు చరిత్ర చెప్పుచునే తాము ప్రైవేటుగా పరీక్షలకు చదివి 1896 నాటికి బి.ఏ. పట్టము పొందిరి. వాడుకపలుకునే వ్రాతకును చదువునకును వాడవలెనని పండితులతో ఆయన సల్పిన వాదము లోకవిదితము. గ్రాంథికమునందు ప్రత్యర్థులకంటె గట్టి పాండిత్యము గలవారగుటచేతనే ఆ వాదమున కంత బలము కలిగినది. దానిని మరల తవ్వుట నా యుద్దేశము కాదు. పిల్లవాడు ఎరిగిన పలుకునుండియే ఎరుగని విషయమునకు వానిని నడపవలెనను పట్టుదల ఆ వాదమునకెట్లో, నేను చెప్పబోవు కార్యమునకును అట్లే మూలము.

పర్లాకిమిడి చుట్టును మహేంద్రగిరిని ఆనుకొని కొండలు వ్యాపించియున్నవి. ఆ కొండలు సవరలను కొండజాతివారి నివాసములు. వారు సంతకు దిగివచ్చి తమ పంటను అమ్ముకొని ఉప్పును బట్టను కొనిపోవువారు. వర్తకుని లెక్క వారికి తెలియదు, కచ్చేరి కాగితము వారికి తెలియదు, వారి పలుకు ఊరివారికి తెలియదు. వీరిని మన గ్రంథములు ఎరుగక పోలేదు. ఐతరేయబ్రాహ్మణమందలి శునశ్శేపోపాఖ్యానమున, విశ్వామిత్రుని మాట పాటింపక శాపగ్రస్తులైన ఆయన పుత్రుల సంతతిగా ఆంధ్రులును, శబరులను పేర ఈ సవరలును ఒక్క వరుసలోనే పేర్కొనబడియున్నారు. తెలుగువాడు తన పూర్వులను గూర్చి గర్వముతో చెప్పుకొనునప్పుడు ఈ జ్ఞాతిత్వమును ఏలకో మరచిపోవుచుండును. ఒకే శాపమున పుట్టిన ఇరువురు సోదరులలో ఒకడు పంతులై, మరియొకడు అడవివాడై, ఒకరి మాట ఒకరికి తెలియనంత దూరమైరి.

ఆ దూరమును రామమూర్తిగారు దాటిన విధము సామాన్యమైనది కాదు. సవరలకు తెలుగు నేర్పి, ఆ తెలుగుతో తక్కిన చదువు చెప్పుట లోకము మెచ్చెడి మార్గము, సులభమార్గము కూడ. ఆయన దానిని విడిచి, తెలుగును సవరమును ఎరిగిన యొకనిని తమ యింటనే నిలుపుకొని, వానికడ తాము విద్యార్థియై కూర్చుండిరి. అప్పటికి ఆ భాషకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. అందు కొన్ని యచ్చులు నడుమ తెగిపోవును. ఊపిరి కంఠమున తటాలున నిలిచి మరల విడివడును. మన యక్షరమాలలో ఆ నిలుపునకు గుర్తే లేదు. అట్టి ధ్వని గ్రంథమువలన పట్టుబడునది కాదు. పలుకువాని నోటివంక చూచుచు, తాను తప్పుగా పలికి, అతడు దిద్దగా మరల పలికి, ఇంకను కుదరలేదని యతడు తలయూప మరల మొదలిడవలెను. పాఠశాలలో రాజబంధువుల బిడ్డలకు తప్పులు దిద్దివచ్చిన పంతులు, ఇంట ఒక కొండవానిచేత తన తప్పులు దిద్దించుకొనుట యందు ఎంత అహంకారము దగ్ధము కావలెనో ఉపాధ్యాయవృత్తిలో నున్నవారు ఊహింపగలరు. శుశ్రూష యనగా వినగోరుట. మన శాస్త్రములు శిష్యునకు విధించిన ఆ ధర్మమును ఈయన గురుత్వమునకు తొలిమెట్టుగా చేసికొనెను.

భారతమున అరణ్యపర్వమందు కౌశికుడను బ్రాహ్మణుడు మిథిలలో మాంసపుటంగడి నడుపు వ్యాధునికడ ధర్మము నేర్చుకొనినకథ కలదు. అది మన వాఙ్మయమందలి మహోన్నతఘట్టములలో ఒకటి. కాని కౌశికుడు తన శ్రేయస్సును వెదకుకొనుచు పోయెను. దొరకిన యుపదేశముతో తల్లిదండ్రులసేవకు ఇంటికి మరలెను. ఆ వ్యాధుని బిడ్డల గతి యేమని యతడడుగలేదు. ద్రోణుని కథ ఇంకను దుఃఖకరము. విలువిద్యకై వచ్చిన యేకలవ్యుని నిషాదుడని త్రిప్పిపంపినవాడు, ఆతడు తనంత నేర్చిన విద్యకు బొటనవ్రేలిని దక్షిణగా గైకొనెను. అందులకు కారణము అర్జునునకు చేసిన ప్రతిన యందురు. నాకు మరియొక కారణమును కనబడుచున్నది. ద్రోణుడు హస్తినాపురపు అన్నము తినుచున్న కొలువుగురువు. ఆతని విద్యకు యజమానుడు వేరుగా నుండెను. రామమూర్తిగారును రాజావారి పాఠశాలలో జీతము గైకొనువారే. ఆ జీతము సవరల చదువును చేపట్టుమని యాయనను కోరలేదు. జీతము కోరిన పని ముగిసినపిదప మిగిలిన ప్రొద్దును, మిగిలిన ధనమును, మిగిలిన యారోగ్యమును ఎవరికి చెందునని విచారించుట ఉపాధ్యాయుని కర్మయోగమున ప్రధానభాగమని నా నమ్మకము.

ఆయన సవరభాషలో వాచకములు వ్రాసిరి. వారి పాటలను, కథలను సేకరించిరి. సొంతధనముతో బడులు పెట్టించి, అందలి పంతుళ్లకు జీతములిచ్చిరి. ఆ పుస్తకములకు మద్రాసు ప్రభుత్వమువారు పారితోషికమీయబోగా, అది తమకక్కరలేదనియు ఆ ధనముతో సవరపిల్లలకు మంచి బడి నడపుడనియు కోరిరి. కొండలు తిరుగుటలో మలేరియా పట్టి, దానికై వాడిన క్వయినా మందువలన ఆయనకు చెవులు వినరాకపోయినవి. చెవితోనే సంపాదించిన విద్యకు చెవినే మూల్యముగా చెల్లించిన ఆ మహనీయుడు, వినికిడి పోయినతరువాతను ఆ కృషిని విడిచిపెట్టలేదు. 1931లో సవరభాషావ్యాకరణమును, 1938లో, తమ డెబ్బదియైదవ యేట, సవర–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించిరి.

ఇచ్చట నొక గట్టియాక్షేపమునకు తావున్నది. సవరలు చదువు కావలెనని యడిగిరా? అక్షరము లేకయే వేలయేండ్లు తమ దేవతలతో, పితరులతో, పోడుభూములతో బ్రదికిన జాతికి మన అక్షరము మోసికొనిపోవుట వారిని మనవారిగా మార్చివేయు యత్నము కాదా? ఇది తేలికగా త్రోసివేయదగిన మాట కాదు. అక్షరముతోపాటు అన్యుల మతము, అన్యుల ఋణపత్రము కొండలెక్కిన యుదాహరణములు దేశమున కోకొల్లలు. అయినను, బడిలో పిల్లవాని చేతికి వచ్చిన పుస్తకమున వాని తల్లి పలుకే యుండి, వాని పెద్దల పాటయే యుండినచో, ఆ పుస్తకము వానిని వానికే చూపునని తలంచెదను. పరధర్మము భయావహమగుట పరభాషయందే మొదలగును. రామమూర్తిగారు సవరబాలునకు ఇచ్చినది వాని సొత్తే. ఇచ్చుటకుముందు దానిని వానివారి కడనే యాచించి తెచ్చుకొనిరి.

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రమేర్పడి పర్లాకిమిడి అందు చేరగా, అర్ధశతాబ్ది మించి నివసించిన ఆ యూరిని విడిచి ఆయన రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీన దివంగతులైరి. సవరభాషాకృషిని కుమారుడు సీతాపతిగారు కొనసాగించిరి. రామమూర్తిగారు పర్లాకిమిడి విడిచిన ఆ 1936వ సంవత్సరముననే, సవరలలో మంగెయి గొమాంగో యను నాతడు తమ భాషకు ఇరువదినాలుగక్షరముల లిపిని స్వయముగా వెలయించెను. ఆ లిపి కొండపై దైవదర్శనమున లభించినదని వారి విశ్వాసము. ఆ యక్షరములను అక్షరబ్రహ్మముగా భావించి పూజించువారు నేటికిని వారిలో కలరు. దీనిని రామమూర్తిగారి ఖాతాలో వ్రాయుట యన్యాయము. అది సవరల స్వీయతపఃఫలము. వేదాంతులు ఏ జాతికి అక్షరవిద్య తగునా తగదా యని తర్కించుచుండిరో, ఆ జాతి అక్షరమునే బ్రహ్మముగా ప్రతిష్ఠించుకొనినది. పర్లాకిమిడి పంతులు వారికడ శిష్యుడై కూర్చుండిన నాడే ఈ యధికారమును గుర్తించియుండెను.