పైపూతా? మరమ్మతా?



దెబ్బతిన్న వస్తువును బాగుచేసి అమ్మేవారు ఆ దెబ్బ సంగతి కొనేవారికి చెప్పవలెనా? అడిగితేనే చెప్పవలెనా, అడగకపోయినా చెప్పవలెనా? ఈ ప్రశ్న మా సంఘ పెద్దల ముందుకు ఒక పాత బండి రూపంలో వచ్చింది.

పావగడ తాలూకా కర్ణాటకలో ఉన్నా చాలావరకు దాని చుట్టూ ఆంధ్రదేశమే. ఊళ్లలో వినబడేది ఎక్కువగా తెలుగే. నాగలమడిక చుట్టుపక్కల పల్లెల్లో గృహ ప్రార్థనలకు మమ్మల్ని తిప్పింది ఒక పాత మహీంద్రా జీపు పికప్. ఒక రాత్రి నాగలమడిక దాటాక, వెనుక దీపం లేకుండా రోడ్డుమీద ఆగియున్న ట్రాక్టరు ట్రాలీని అది గుద్దుకుంది. దేవుని కృపచేత ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు. బండి ముందుభాగం మాత్రం నుజ్జయింది.

షెడ్డు మేస్త్రీ రెండు దారులు చెప్పాడు. "సారూ, రేకు కొట్టి, లప్పం పెట్టి, రంగు వేస్తే నాలుగు రోజుల పని. షాసీ సరిచేయాలంటే బాడీ దించాలి. ఖర్చు ఎక్కువ."

ఇటువంటి బండికి రెండు పొడుగు ఇనుప దూలాలు, వాటిని కలిపే అడ్డదూలాలు, ఇదే షాసీ. మడ్‌గార్డు మార్చవచ్చు, బానెట్టు మార్చవచ్చు. ప్రభుత్వపు రిజిస్ట్రేషను పుస్తకంలో మాత్రం షాసీ నంబరే బండికి గుర్తు. అది వంగితే బండి ఎండ్రకాయలాగా పక్కకు నడుస్తుంది, టైర్లు ఒక పక్కే అరుగుతాయి. మేస్త్రీ తూకం గుండు దించి, నేలమీద సుద్దతో నాలుగు గుర్తులు పెట్టి, మూలనుండి మూలకు టేపు పట్టాడు. బడిలో పిల్లలకు చెప్పే లెక్కే: చట్రం సమంగా ఉంటే రెండు కర్ణాలు సమానం. ఇక్కడ అంగుళం తేడా వచ్చింది.

అప్పుడు ఒక సహోదరుడు అన్నాడు: "లప్పం పెట్టి హిందూపురంలో అమ్మేద్దాము. వచ్చే సొమ్ము మన జేబుల్లోకి కాదు, విధవరాండ్ర సహాయ నిధికే కదా!"

ఈ మాటను తేలికగా తీసివేయలేకపోయాము. మన సొమ్ము పోగొట్టుకొని సత్యము చెప్పడం ఒకటి. విధవరాండ్ర సొమ్ము తగ్గించి చెప్పడం మరొకటి. అయితే కొనేవానికీ భార్యాబిడ్డలున్నారు. అతడు బరువు వేసుకొని రాత్రివేళ అవే రోడ్లమీద పోతాడు. ఒక ఇల్లాలిని విధవరాలిని చేయగల సొమ్ముతో ఇంకొక విధవరాలిని పోషించడం ధర్మమా? యెహెజ్కేలు 13వ అధ్యాయంలో ప్రభువు కోపం పడిపోయే గోడమీద మాత్రమే కాదు, దాని బలహీనతను పూతతో కప్పినవారిమీద కూడా.

చివరకు బాడీ దించి షాసీ సరిచేయించాము. ఒక అడ్డదూలం కొత్తది వేయించాము. తరువాత బండి అమ్మేటప్పుడు, బేరానికి ముందే ప్రమాదమూ మరమ్మతూ కాగితంమీద వ్రాసి కొనే అబ్బాయి చేతిలో పెట్టాము. అతడు ధర తగ్గించాడు. ఆ తగ్గిన మొత్తాన్ని పెద్దలమే వేసుకొని నిధి నింపాము. అందరమూ సంతోషంగా వేశామని చెప్పలేము. కాని సత్యము చెప్పాలని తీర్మానించినవారే దాని ఖరీదు మోయాలి. విధవరాండ్ర మీద మోపరాదు. జక్కయ్య కూడా తన మారుమనస్సుకు ఖరీదు తానే కట్టాడు.

ప్రియులారా, స్వగ్రామాలు విడిచి వచ్చి సంఘాలు కట్టుకున్నవారము మనము. మన మధ్య కూడా గుద్దుకోవడాలు ఉన్నాయి: లెక్కల దగ్గర, పదవుల దగ్గర, పెండ్లి సంబంధాల దగ్గర. ప్రభువు బల్ల ఆదివారం రాగానే చేతులు కలిపి, రంగు వేసి, సమాధానమైందని అనుకుంటాము. ఎవరికి ఎంత అన్యాయం జరిగిందో కొలవము. తీసుకున్నది తిరిగి ఇవ్వము. క్షమాపణ అంటే దెబ్బ తగలలేదనడం కాదు. దెబ్బ ఎంతో కొలిచి, సరిచేసి, దాచకుండా ముందుకు నడవడం.

అట్టి మనస్సు ప్రభువు మనకందరికీ దయచేయును గాక. ఆమేన్.