దేవుడు మెచ్చుటచేతనే ధర్మమగునా?

క్రీ. పూ. 399వ సంవత్సరమున ఏథెన్సు నగరములో, మతసంబంధమైన వ్యాజ్యములను స్వీకరించు అధికారి మండపము వాకిట, ఇద్దఱు మనుష్యులు కలిసికొనిరి. ఒకడు డెబ్బదియేండ్ల వృద్ధుడగు సోక్రటీసు. పట్టణము నమ్మిన దేవతలను నమ్మడనియు, క్రొత్త దైవములను తెచ్చుచున్నాడనియు, యువకులను చెఱుపుచున్నాడనియు మెలీటసను వాడు అతనిపై నేరము మోపియుండెను. రెండవవాడు యూథిఫ్రో. దైవవిషయములు తనకు తెలిసినట్లు మఱియెవ్వరికిని తెలియవని గర్వించువాడు. అతడు వచ్చినది తన కన్నతండ్రిమీద హత్యాభియోగము తెచ్చుటకు. వీరి సంభాషణమును ప్లేటో ఒక చిన్న గ్రంథముగా వ్రాసియున్నాడు.

అభియోగమునకు కారణమిది. నాక్ససు ద్వీపమున వారికి వ్యవసాయముండెను. అక్కడ కూలికి పనిచేయు నొకడు త్రాగిన మైకమున ఇంటి బానిసనొకనిని చంపెను. యజమానుడు వానిని కాలుసేతులు కట్టించి గుంటలో పడవేయించి, ఏమి చేయవలయునో ధర్మవ్యాఖ్యాత నడిగి రమ్మని ఏథెన్సునకు మనిషిని పంపెను. ఎట్లును హంతకుడే గదా యని వాని సంగతి యెవరును చూడలేదు. ఆకలిచేతను, చలిచేతను, కట్లచేతను వాడు చచ్చెను.

తండ్రిపై కొడుకు వ్యాజ్యమాడుట మహాపాపమని బంధువులు యూథిఫ్రోపై మండిపడిరి. చచ్చినవాడు పరాయివాడా స్వజనుడా యని చూడరాదు, చంపుట న్యాయమా కాదా యనియే చూడవలయునని అతడు బదులు చెప్పెను. ఈ గ్రంథమును చదువువారు యూథిఫ్రోను చూచి నవ్వుట వాడుక. హంతకునితో కలిసియుండిన తనకును మైల యంటునన్న భయము అతనికి గలదు, నిజమే. అయినను ఈ యొక్క మాటయందు అతడు తన వారందఱికంటె మేలని నాకు తోచుచున్నది. కూలివాని ప్రాణమును ప్రాణముగా నెంచినవాడు ఆ యింట నతడొక్కడే.

అతని దోషము వేఱొకచోట నున్నది. పుణ్యమనగా నేమియని సోక్రటీసు అడుగగా, తాను చేయుచున్నదే పుణ్యమనియు, దేవతలలో శ్రేష్ఠుడైన జ్యూసు తన తండ్రియగు క్రోనసును బంధించుటయే దీనికి సాక్ష్యమనియు చెప్పెను. పురాణకథను ధర్మమునకు సాక్షిగా నిలిపినచో వచ్చు చిక్కిదియే. ఆస్తికై తండ్రిని చెఱబెట్టు దుర్మార్గుడును ఆ కథనే చెప్పుకొనవచ్చును. క్రీ. పూ. ఆఱవ శతాబ్దమున పుట్టిన జెనోఫనీసు, మనుష్యుల దొంగతనమును వ్యభిచారమును వంచనను కవులు దేవతలకు అంటగట్టిరని అంతకుముందే నిరసించియుండెను.

దేవతలకందఱకును ప్రియమైనదే పుణ్యమని యూథిఫ్రో మాట మార్చెను. అప్పుడు సోక్రటీసు అడిగిన ప్రశ్న నేటికిని తీఱలేదు. పుణ్యమగుటచేత దేవతలు దానిని ప్రేమింతురా? లేక దేవతలు ప్రేమించుటచేత అది పుణ్యమగుచున్నదా?

చదువరులారా, ఇది బహుదేవతలను గొలిచిన గ్రీకుల చిక్కేగాని ఏకేశ్వరోపాసకులమైన మనకేమి యని తలపరాదు. దేవుడొక్కడే యైనను ప్రశ్న అట్లే నిలుచును. ఆయన ఆజ్ఞాపించుటచేతనే దయ మంచిదైనచో, క్రౌర్యము నాజ్ఞాపించిననాడు క్రౌర్యమే మంచిదగును. అప్పుడు దేవుడు మంచివాడనుటకు, తనకిష్టమైనది చేయువాడనుటకంటె వేఱర్థముండదు. అట్టి స్తోత్రము బలవంతుడగు ఏ రాజునకైనను చెల్లును. ధర్మము ఆయన యిచ్ఛకు వెలుపల నున్నదన్నచో, ఆయనపై మఱియొక ప్రభువును కూర్చుండబెట్టినట్లగునని కొందఱు భయపడుదురు. ధర్మము ఆయనకు పైదియు కాదు, ఆయన కల్పించినదియు కాదు, ఆయన స్వభావమేయని పెద్దలు చెప్పిన సమాధానము నాకు సమ్మతమే. కాని దానితో మన పని తీఱదు. దైవాజ్ఞ యని యొకరు చేతికిచ్చినది ఆ స్వభావమునుండి వచ్చినదో కాదో, ఇది మంచిదా యని పరీక్షింపక తెలియుటెట్లు?

బ్రాహ్మసమాజము ఈ పరీక్షను తప్పించుకొనలేదు. మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు వేదాధ్యయనమునకై కాశికి నలుగురు విద్యార్థులను పంపి, విచారించి, తుదకు 1850 ప్రాంతమున వేదము దోషరహితప్రమాణమను మాటను విడిచెను. నడచువాడు తన యూతకఱ్ఱను తానే పాఱవేయుట వంటి దది.

1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తాము జరిపించిన మొదటి వితంతువివాహమునకు పరాశరస్మృతివచనము కోటగోడయైనది. శాస్త్రమే ప్రమాణమని పట్టుబట్టినవారితో వాదించుటకు అది కావలసియుండెను, తప్పుపట్టను. అయినను సోక్రటీసువలె నడుగవలసి యున్నది. ఆ వచనము ఆ స్మృతిలో లేకుండినయెడల, పదేండ్ల బాలిక బ్రతుకంతయు చీకటిగదిలో ముగిసిపోవుట ధర్మమగునా? కాదని చెప్పు మనస్సు ఆ శ్లోకము దొరకుటకు ముందే యుండెను. అది యుండుటచేతనే సంస్కర్తలు శ్లోకమును వెదకిరి.

యూథిఫ్రో తుదకు జవాబు చెప్పలేక, పనియున్నదని తొందరగా వెడలిపోయెను. సోక్రటీసు ఆ యేడే విషము త్రాగెను. నాక్ససులోని యజమానుడో, ఒక విధముగా భక్తుడే. స్వబుద్ధితో శిక్షింపక ధర్మవ్యాఖ్యాత నడుగబంపెను. కట్టివేసిన మనిషికి ఇంత కూడు పెట్టవలయునని మాత్రము అతనికి తోచలేదు. వ్యాఖ్యాత యేమి చెప్పెనో ప్లేటో వ్రాయలేదు. పంపిన మనిషి తిరిగి వచ్చునప్పటికే గుంటలోనివాడు చచ్చియుండెను.