మోయడం, కనడం, భరించడం

ఇంగ్లీషులో 'బేర్' అనే చిన్న క్రియ ఉంది. బరువు మోయడానికి అదే మాట, బిడ్డను కనడానికీ అదే మాట. నొప్పి ఓర్చుకోవడం, అవమానం సహించడం, ఖర్చు భరించడం, చెట్టు కాయలు కాయడం, మనసులో పగ ఉంచుకోవడం, సాక్ష్యం చెప్పడం అన్నిటికీ అదే. డిగ్రీ క్లాసులో ఈ మాట వచ్చినప్పుడల్లా బోర్డు మీద తెలుగు అర్థాలు రాస్తాను. మోయడం, కనడం, సహించడం ఒకే వరసలోకి వచ్చేసరికి నా చెయ్యి ఆగుతుంది. మూడూ ఒకటేనా?

మోయడమే ఈ మాటకు మూలార్థం. సంస్కృతంలోని 'భృ' ధాతువు దీనికి దాయాది. భారం, భరణం, భర్త, భార్య అన్నీ ఆ ధాతువు నుంచి పుట్టినవే. భర్త అంటే భరించేవాడు, భార్య అంటే భరింపదగినది. మోసే గౌరవం ఆయనకూ, బరువన్న పేరు ఆమెకూ దక్కాయి. 43 ఏళ్ళు కాపురం చేసి, ఐదుగురు పిల్లల్ని కన్న షాబానో 1978లో ఇండోర్ కోర్టుకెక్కితే మెజిస్ట్రేటు నెలకు 25 రూపాయల మనోవర్తి ఇప్పించాడు. హైకోర్టు దాన్ని 179 రూపాయల 20 పైసలు చేసింది. 1985లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన మొత్తం అదే. ఇది ఒక్క మతం సంగతి కాదు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద ఏ భార్యకైనా నెలకు 500 రూపాయలు మించకూడదన్న హద్దు 2001 దాకా ఉంది. ఇంతకీ ఆ 43 ఏళ్ళూ ఎవరు ఎవరిని భరించినట్టు?

తెలుగులో ఈ పనులకు వేరువేరు మాటలున్నాయి. పైగా మన 'కను' అనే క్రియకు ప్రసవించడం అనే కాక చూడటం అనే అర్థం కూడా ఉంది. ఇంగ్లీషు మాట పురుడును బరువుతో ముడివేస్తే, మన మాట చూపుతో ముడివేసింది. అయినా మనం ఆ తేడాను నిలుపుకోలేదు. "తొమ్మిది నెలలు మోసి కన్నదానివి, ఈమాత్రం భరించలేవా?" అన్న మాట ఎన్ని ఇళ్ళల్లో విన్నానో! పురిటినొప్పులు ఓర్చుకుంది కాబట్టి మొగుడి దెబ్బలూ ఓర్చుకోవాలట. 'ఓర్చినమ్మకు తేటనీరు' అనే సామెత తోడు. ఆ నీళ్ళు తేరేదాకా దాహంతో ఉండేది ఎవరో సామెత చెప్పదు.

పురిటినొప్పులు ఒక ప్రాణం కోసం, దెబ్బలు దేనికోసమూ కాదు, తేడా అదే అనవచ్చు. నాకది చాలదనిపిస్తుంది. కనడం కూడా ఎప్పుడూ ఇష్టంతో జరిగేది కాదు. మంచి కారణం చూపించి మన నెత్తిన పెట్టిన బరువులు తక్కువా? అందుకే నేను కారణం అడగను. దించుకునే వీలుందా అని అడుగుతాను. వద్దనగలిగి, దించుకోగలిగి కూడా మోస్తే అది ఓర్పు. దించే చోటే లేకుండా చేసి, మోస్తున్నందుకు మెచ్చుకుంటే అది ఓర్పు కాదు, ఇంకొకరి సౌకర్యం.

తమిళదేశంలో దారి పక్కన 'సుమైతాంగి' రాళ్ళుంటాయి. రెండు నిలువు రాళ్ళ మీద ఒక అడ్డరాయి. బాటసారులు ఎవరి సాయమూ లేకుండా తలమీది మూటను దాని మీదికి దించుకోవచ్చు. గర్భంతో ఉండగా చనిపోయిన స్త్రీల జ్ఞాపకంగా వీటిని నిలబెట్టే ఆచారం ఉండేది. ఆమెను సహనమూర్తి అని పొగిడే శిలాశాసనం కంటే, వెనక వచ్చేవాళ్ళు బరువు దించుకునే రాయి నాకు మేలనిపిస్తుంది. కానీ అది ఆమె చనిపోయాక నిలబెట్టిన రాయి.

బతికుండగానే దించుకోవడం ఎలా? బోర్డు మీద చివర రాసే అర్థం, సాక్ష్యం చెప్పడం, అప్పుడు నాకు పనికొస్తుంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథలు తామే చెప్పారు. అడవిలో కన్నబిడ్డను ఇచ్చేయాల్సివచ్చిన కమలమ్మ వాళ్ళలో ఒకరు. చెప్పినంత మాత్రాన ఆ బరువు పోదు. అయితే అంతవరకూ ఒక్కరే మోసినదాన్ని చదివినవాళ్ళం కూడా తలా కాస్త మోయవలసి వస్తుంది.