పూర్వుల ఊరిలో పండుగ

బెంగుళూరు మడివాళలో సాయంకాలమైనచో కొచ్చికి పోవు బస్సులు వరుసగా నిలిచియుండును. పండుగ దినములలో వానినెక్కువారు చాలవరకు తల్లిదండ్రులను చూడబోవువారే. వారికొరకు అచ్చట ఒక ఇల్లు, ఇంటిలో దీపము, దీపము దగ్గర ఒక మనిషి ఉండును. అట్టివారెవ్వరును మిగులని ఊరికి, “ఇది మా పెద్దల ఊరు” అని పయనమగువారును లోకమున కలరు. యూద సమాజములవారు దేశాంతరములకు చేయుచున్న యాత్రలు పెక్కులు ఈ తీరువే. పగలు సమాధులను దర్శింతురు. శుక్రవారము సాయంకాలము విశ్రాంతిదినమును ఆహ్వానించి పాడుదురు, విందు చేయుదురు. తనవారు లేని చోట పాడుట తగునా?

తగునని వారి ఆచారమే చెప్పుచున్నది. యూదుల పెండ్లిలో వరుడు గాజుపాత్రను కాలితో పగులగొట్టును. యెరూషలేము ఆలయము కూలిన దుఃఖమును పెండ్లినాడు సైతము మరువరాదని దానికి చెప్పెడి అర్థము. మృతులకొరకు చదువు కద్దిష్ ప్రార్థనలో మరణమను మాటయే లేదు, అంతయు దైవస్తుతి. అయితే దానిని చదువుటకు పదిమంది కూడవలయును. సనాతన సంప్రదాయమున ఆ పదిమందియు పెద్దవారైన పురుషులే. కొచ్చిలోని మట్టంచేరిలో ఆ లెక్క స్థానికులతో నిండుట మానివేసి చాలకాలమైనది. పరదేశములనుండి యాత్రికులు వచ్చిననాడే అచ్చట ఆ ప్రార్థన పూర్తిగా సాగును. వారు వట్టి చూపరులు కారు.

కాబట్టి చిక్కు పాటలో లేదు, జ్ఞాపకములో ఉన్నది. ప్రాగు నగరమందలి పింకాస్ ప్రార్థనాలయపు గోడలపై, నాజీల చేత హతులైన యూదుల పేర్లు సుమారు 78,000 వ్రాయబడియున్నవి. అచ్చటి దుఃఖము వేరు. దానిని మూటగట్టుకొని కొచ్చికి వచ్చిన యాత్రికుడు కొచ్చికి అన్యాయము చేసినవాడగును. మట్టంచేరిలో 1568లో కట్టిన పరదేశి ప్రార్థనాలయము రాజప్రాసాదమునకును దాని ఆలయమునకును ఆనుకొనియే ఉన్నది. మన గుడులలో వలెనే అందులోనికి చెప్పులు విడిచి పోవుదురు. 1662లో దానిని పాడుచేసినవారు పోర్చుగీసువారు గాని ఇరుగుపొరుగువారు కారు. కేరళ యూదులలో అధికులు 1950 తరువాతి కొద్ది యేండ్లలో ఇజ్రాయేలునకు వెడలిరి. వారిని ఎవరును తరుమలేదు. 1968 డిసెంబరులో ఆ ఆలయమునకు నాలుగు వందల యేండ్ల ఉత్సవము జరుగగా ప్రధానమంత్రి ఇందిరాగాంధి స్వయముగా వచ్చిరి, తపాలాబిళ్ళయు వెలువడెను. ఊరు ఖాళీయగుచుండగా జరిగిన పండుగ అది!

ఇంతవరకు చెప్పుకొనుట సుఖము. మన ఆతిథ్యమును పరులు పొగడుచుండగా వినుట మనకును ఇష్టమే. కాని ఆ ఆలయములోనే, తరతరములుగా, విముక్తి పొందిన దాసుల సంతతివారని పేరు పెట్టి కొందరు యూదులను బల్లలపై కూర్చుండనిచ్చెడివారు కారు. ధర్మగ్రంథమును చదువ పిలిచెడివారు కారు. ఆ కుటుంబములలో 1882లో పుట్టిన న్యాయవాది ఎ. బి. సేలము గాంధీజీ సత్యాగ్రహ మార్గమును ప్రార్థనాలయములోనికే తెచ్చి, అందరిముందు పోరాడెను. కట్టుబాట్లు క్రమముగా సడలెను. కేరళ యూదుల వలసకొరకు మాటలాడుటకై 1953లో ఇజ్రాయేలునకు పోయివచ్చినవాడును అతడే. తాను మాత్రము కొచ్చిలోనే నిలిచి 1967లో, ఆ మహోత్సవమునకు ఒక్క యేడాది ముందు, గతించెను. పూర్వులను కీర్తింపవచ్చినవారు ఏ పూర్వులను కీర్తించుచున్నారు? బల్లపై కూర్చున్నవారినా, కూర్చుండనీయబడనివారినా? రెండవవారిని విడిచి పాడిన పాట ఎంత శ్రావ్యమైనను సగము మరపే. వారి పేరును ఎత్తినచో పండుగ చెడునని కొందరందురు. చెడదు, ఆ పెండ్లిలో గాజుపాత్ర పగిలినంత మాత్రమున పెండ్లి ఆగిపోయినదా?

మరియొకటి కూడ కలదు. మట్టంచేరిలోనే 1544 నాటి కడవుంభాగము ప్రార్థనాలయపు లోపలి చెక్కపనిని విప్పి యెరూషలేములోని ఇజ్రాయేల్ మ్యూజియములో చక్కగా నిలిపిరి. మిగిలిన కట్టడము వానలకు నాని 2019లో ముందుభాగము కూలెను. చెక్కపని దక్కుటయు మేలే. కాని యాత్రికులు తీసికొనిపోయినదెంత, ఇచ్చిపోయినదెంత అని ఆ గోడలు అడుగునట్లుండును.

అదే 2019 ఆగస్టులో, పరదేశి యూదులలో అందరికంటె పెద్దదైన సారా కోహెన్ 96 యేండ్ల వయసున కన్నుమూసెను. ఆమె ఎంబ్రాయిడరీ దుకాణమును, ఆమె జ్ఞాపకమును కాపాడుచు వచ్చినవాడు, చిన్ననాటినుండి ఆ ఇంటికి దగ్గరైన ఒక ముస్లిము. కద్దిషునకు కావలసిన పదిమంది లెక్కలో అతడు చేరడు. శుక్రవారపు విందులో అతనికి పీట వేయుటకు మాత్రము ఏ శాస్త్రమును అడ్డురాదు.