నాలుగు మిల్లీమీటర్లు

నీళ్ళు పోసేదాకా నా స్టాండు బాగానే ఉంది. మా ఆవిడ చేత్తో ఒకసారి ఊపి చూసి "గట్టిగానే ఉందే" అంది. మా అమ్మాయి దానిమీదెక్కి కూర్చుంది కూడా. అక్వేరియం ఎక్కించి, పైపు పెట్టి నింపాక, కాస్త వెనక్కి జరిగి చూశాను. గాజు పైఅంచుకీ నీటిగీతకీ మధ్య సందు ఎడమవైపు ఎక్కువగా, కుడివైపు తక్కువగా ఉంది. స్కేలు పెట్టాను. ఎడమవైపు 35 మిల్లీమీటర్లు, కుడివైపు 31.

మూడడుగుల పొడవుకి 4 మిల్లీమీటర్లు. నేను చెప్పకపోతే ఎవరికీ కనిపించదు. ఆ చెప్పకపోవడం గురించే ఇదంతా.

మేముండేది ఉప్పల్‌లో, అద్దె ఇంట్లో, రెండో అంతస్తులో. స్టాండు కొనుక్కోవచ్చు. కానీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒకచోట మిషన్లు ప్యాక్ చేసిన పాత పెట్టెల చెక్క అమ్ముతుంటే చూసి ఉండబట్టలేకపోయాను. ఆటోలో వేసుకొచ్చి రెండు ఆదివారాలు మిద్దెమీద కూర్చుని కోశాను. పైచట్రం నేరుగా కాళ్ళమీదే కూర్చునేలా, బరువు స్క్రూలమీద పడకుండా చూసుకున్నాను. తొట్టి 3 అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా పోస్తే 127 లీటర్లు పడుతుంది. గాజూ, గులకరాళ్ళూ కలుపుకుంటే 160 కిలోల దాకా తేలుతుంది. ఇద్దరు పెద్ద మనుషులు రాత్రింబవళ్ళు లేవకుండా ఒక సన్నటి బల్లమీద కూర్చున్నట్టు లెక్క. మూలమట్టం పెట్టి మూలలు సరిచూశాను. రసమట్టం పెట్టి బుడగ మధ్యలో నిలిచిందని మురిసిపోయాను. అయితే ఆ చూసుకున్నదంతా మిద్దెమీద. హాల్లోకి తెచ్చాక మళ్ళీ పెట్టి చూడలేదు.

మా హాలు నేల బాల్కనీ వైపు వాలుగా ఉంటుంది. కడిగిన నీళ్ళు బయటికి పోవాలి కదా, కట్టేటప్పుడే అలా ఇచ్చారు. కాబట్టి మొదట నాకు తట్టిన మాట: తప్పు నాది కాదు, నేలది. రెండోది, చేపలమ్మే షాపతను ఫోన్లో అందించాడు: "కింద థర్మాకోల్ వేసిన్రు గద సార్, అదే సర్దుకుంటది." ఎంత హాయిగా ఉందో ఆ మాట వినడానికి!

థర్మాకోల్ సర్దుకునేది ఇసుకరేణువులనీ, చెక్కమీది చిన్నచిన్న ఎగుడుదిగుళ్ళనీ. వాలుని అది ఏమీ చెయ్యదు. ఇంకో సంగతి, తొట్టి మొత్తం ఒకేవైపు కాస్త ఒరగడం వేరు, చట్రం మెలిక తిరగడం వేరు. ఒరిగితే ఒకవైపు గాజుమీద నీటి ఒత్తిడి కొంచెం పెరుగుతుంది, అంతే. మెలిక ఉంటే మూడు మూలలే బరువు మోస్తాయి, నాలుగోది గాల్లో ఉంటుంది. గాజు వంగి సర్దుకునే వస్తువు కాదు. నా స్టాండుకి ఉన్నది ఒరుగా, మెలికా? తెలియదు. తెలుసుకోవాలంటే తొట్టి దించాలి. దించాలంటే నీళ్ళన్నీ తోడాలి. అందుకే, తెలుసుకోకుండా ఉండడానికి కారణాలు వెతుక్కోవడం మొదలుపెట్టాను.

'నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు' అంటారు. నిజం తెలుసుకునే పని దేవుడికి అప్పగించి మనం చేతులు దులుపుకునే వెసులుబాటు ఆ సామెతలో ఉంది. మా హాల్లో మాత్రం ఆ రెండు పనులూ నీళ్ళే చేసిపెట్టాయి.

మట్టం అన్నమాట మీద ఈ ఉప్పల్‌కి ఒక హక్కుంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళ శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. ఈ దేశంలో ఎత్తులు కొలవడానికి 1858 నుంచి 1909 దాకా ఊరూరా మట్టాలు తీసుకుంటూ తిరిగారు. తొమ్మిది రేవుల దగ్గర సముద్రం సగటు మట్టాన్ని సున్నా అనుకున్నారు. ఆ తొమ్మిదిలో మన విశాఖపట్నం ఒకటి. ఆ పనిలో నాకు నచ్చే పద్ధతి ఒకటుంది. ఒక దారిని అటునుంచి ఇటు కొలిచి ఊరుకోరు, ఇటునుంచి అటు కూడా కొలుస్తారు. రెండు లెక్కలూ అచ్చంగా కలవవని వాళ్ళకి తెలుసు. ఇంత దూరానికి ఇంత తేడా రావచ్చని ముందే ఒక హద్దు రాసిపెట్టుకుంటారు. తేడా ఆ హద్దు దాటిందా, ఆ ముక్క మళ్ళీ కొలవాల్సిందే.

ముందే రాసిపెట్టుకుంటారు. నేనేం చేశాను? 4 మిల్లీమీటర్లని కళ్ళతో చూశాక, '5 దాకా ఫరవాలేదు' అని హద్దు పెట్టుకున్నాను. అది 6 అయ్యుంటే నా హద్దు 7 అయ్యేదని నాకు బాగా తెలుసు.

డబ్ల్యు. కె. క్లిఫర్డ్ అనే ఇంగ్లీషు గణితవేత్త 1877లో 'ది ఎథిక్స్ ఆఫ్ బిలీఫ్' అనే వ్యాసం రాశాడు. మరో రెండేళ్ళకే, 34 నిండకుండానే పోయాడు. ఆ వ్యాసం ఒక ఓడ యజమానితో మొదలవుతుంది. ఓడ పాతదనీ, మరమ్మతు చేయించాలనీ అతనికి అనుమానం. ఖర్చు తల్చుకుని, 'ఇన్ని ప్రయాణాలు చేసొచ్చింది, ఇదీ చేసొస్తుందిలే' అని మనసుకి నచ్చచెప్పుకుంటాడు. మనస్ఫూర్తిగానే నమ్ముతాడు. ఓడ మునుగుతుంది, అతను బీమా డబ్బు తీసుకుంటాడు. ఇక్కడిదాకా అందరం ఒప్పుకుంటాం. తర్వాత క్లిఫర్డ్ అడుగుతాడు: ఒకవేళ ఓడ మునగలేదనుకోండి, అతని తప్పు ఏమైనా తగ్గుతుందా? రవ్వంత కూడా తగ్గదంటాడు.

చదువుకునే రోజుల్లో ఇది నాకు మరీ కర్కశంగా అనిపించేది. ఇప్పటికీ పూర్తిగా ఒప్పుకోను. అనుమానం తీరేదాకా పరీక్షించమంటే ఎక్కడ ఆగాలి? బుడగ సరిగ్గా సున్నా మీద నిలబడే స్టాండు ప్రపంచంలో లేదు. లెక్కకు మించి జాగ్రత్తపడేవాడు చేపలు పెంచలేడు, పిల్లల్ని అసలే పెంచలేడు. ఎక్కడో ఒకచోట 'ఇది చాలు' అనాలి. అయితే ఆ మాట అనే హక్కు ఎవరిదన్నది క్లిఫర్డ్ కథలోనే ఉందని ఇన్నాళ్ళూ గమనించలేదు. 'చాలు' అన్నవాడు ఒడ్డున ఉన్నాడు. ఓడలో ఉన్నవాళ్ళని ఎవరూ అడగలేదు.

మా హాలు కింద ఇంకొకరి హాలు ఉంది. మా తొట్టి ఉన్న గోడకి సరిగ్గా కింద ఒక పెద్దమ్మ మంచం వేసుకుని పడుకుంటుంది. తొట్టి పగిలితే మాకు నేల తడుస్తుంది, చేపలు పోతాయి. కిటికీ సందుల్లోంచీ, కరెంటు పైపుల్లోంచీ ఆ నీళ్ళు దిగేది ఆమె మంచం మీదికి.

మూడోరోజు దిగివెళ్ళి చెప్పాను. నిజాయితీగా ఉన్నానని నాలో నేను కొంచెం పొంగిపోతూనే చెప్పాను. ఆమె సాంతం విని, "గట్లనా బిడ్డా" అంది. తర్వాత నవ్వకుండా, "నాకు చెప్పి నువ్వు పోయి నిద్రపోతవ్. ఇగ నాకు పడ్తదా నిద్ర?" అంది.

జవాబు లేదు నా దగ్గర. అడగడానికి వెళ్ళాననుకున్నాను. తొట్టి నింపి మూడురోజులయ్యాక అడగడమేమిటి? నా బరువు కాస్త ఆమెమీద దించి రావడానికే వెళ్ళాను. "తప్పయింది పెద్దమ్మా, ఇయ్యాలే తీసేస్తా" అన్నాను. "తియ్యి. జర మా పిలగాణ్ణి పిలువు, ఈ మంచం అటు జరుపుతడు" అంది.

ఆ సాయంత్రం నీళ్ళు బకెట్లతో తోడాం. చేపలు స్టీలు గంగాళంలోకి మారాయి. చట్రం మీద మూల నుంచి మూలకి రెండు దారాలు బిగించి కట్టాను. నాలుగు మూలలూ ఒకే తలంలో ఉంటే ఆ రెండూ కలిసేచోట ఒకదాన్నొకటి తాకీతాకనట్టుండాలి. తాకలేదు. మధ్యలో వేలిగోరంత సందు. అంటే ఒరుగు ఒక్కటే కాదు, మెలిక కూడా ఉంది. కుడివైపు వెనకమూల కిందికి దిగి ఉంది. ఆ తప్పు నేలదో, నేను కోసిన కాలిదో చెప్పలేను. ఇప్పుడు దాంతో పని కూడా లేదు.

తొట్టి కింద ఏమీ దూర్చలేదు. స్టాండు కాళ్ళకిందే పల్చటి చెక్కముక్కలతో ఎత్తు పెట్టాను. ఈసారి రసమట్టాన్ని ఒకసారి చూసి, అటుదిటు తిప్పి మళ్ళీ అదేచోట పెట్టి చూశాను. తిప్పినప్పుడు బుడగ వెంట్రుకవాసి జరిగింది. రసమట్టానికీ సొంత ఒంకర ఉంది. రెండింటికీ మధ్య తీసుకున్నాను. నీళ్ళు పోసేముందు కాలెండరు మీద '1 మి.మీ.' అని రాశాను. మా అమ్మాయి ఎందుకని అడిగింది, దాటితే మళ్ళీ తోడాలన్నాను. అది మొహం ముడుచుకుంది.

ఎడమ 33, కుడి 33. వెనకవైపు ఒకచోట 33న్నర.

కిందికెళ్ళి చెప్పాను. "మంచిదే బిడ్డా" అంది పెద్దమ్మ. నెల దాటింది. మంచం మాత్రం ఇంకా అవతలి గోడకే ఉంది.