మూడు దుకాణాలు, ఒకటే మిల్లు

పోచంపల్లిలో నలభై మగ్గాలకు పని ఇచ్చే ఆసామి ఒకడుండేవాడు. ఒక ఏడాది సరిగ్గా పెళ్లిళ్ల ముందు పట్టునూలు వ్యాపారి చెయ్యిచ్చాడు. ఆ దెబ్బకు ఆసామి ముగ్గురు వ్యాపారుల దగ్గర ఖాతాలు పెట్టుకున్నాడు. ఒకరు కాకపోతే ఇంకొకరు ఇస్తారన్న ధీమాతో ఇంట్లో నిల్వ ఉంచే నూలు కూడా తగ్గించేశాడు.

అదే వీధిలో అతని పెద్దమ్మకు నాలుగు మగ్గాలు. ఆమె కూడా నూలు ఎక్కువగా బజారులోనే కొనేది. ఏడాదికి ఒకటి రెండు పడుగులు మాత్రం హిందూపురం వైపు ఒకాయన దగ్గర తెప్పించేది. పట్టుకాయ నుంచి దారం తీయడం, పురి పెట్టడం అన్నీ ఆయన సొంతంగా చేసేవాడు. ధర ఎక్కువే.

"ఎందుకు పెద్దమ్మా, ఊరికే డబ్బులు పోసుడు?" అన్నాడు ఆసామి.

"ఆ నూలుకు జిగురు ఎంత పోతదో, రంగు ఎట్ల పడతదో చేతికి తెలిసి ఉండాలె గద బిడ్డా. అక్కర పడ్డనాడు నేర్చుకుంటనంటే అయితదా?" అంది ఆమె.

ఆ మాఘమాసానికి ముందు బెంగళూరు దగ్గర ఒక పురి మిల్లు తగలబడింది. అదే వారంలో ముగ్గురు వ్యాపారులూ నూలు లేదన్నారు. ముగ్గురూ నూలుకు పురి పెట్టించేది ఆ ఒక్క మిల్లులోనే అని ఆసామికి అప్పుడు తెలిసింది.

ఎక్కడో దొరికిన కొత్త నూలు తెచ్చాడు. జిగురు తీస్తే దారం అనుకున్నదానికంటే సన్నబడింది. రబ్బరు కట్లు వదులై రంగు లోపలికి పాకింది. పడుగు మీది పువ్వు, పేక మీది పువ్వు కలవలేదు. చీరలు తిరిగొచ్చాయి, మగ్గాలు ఆగాయి. నేసిన చీరను బట్టే కూలి కాబట్టి ఆ నష్టంలో పెద్ద వాటా మోసింది నేతగాళ్లే. పెద్దమ్మ హిందూపురానికి ఫోన్ చేసింది. ఆమె నాలుగు మగ్గాలూ ఆగలేదు.

నీతి: అమ్మేవాళ్లను కాదు, సరుకు తయారయ్యే చోట్లను లెక్కపెట్టుకో. రెండో దారి ఉంటే చాలదు, మంచి రోజుల్లోనే అందులో నడిచి చూడాలి.

సరుకు ఎక్కడ తయారవుతుందో తెలియకపోవడం చిన్న ఆసాముల జబ్బే కాదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా పక్కనున్న బట్టల ఫ్యాక్టరీల భవనం రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. తమ బట్టలు ఆ భవనంలో కుట్టారో లేదో కొన్ని పెద్ద బ్రాండ్లు వెంటనే చెప్పలేకపోయాయి. కొన్ని పేర్లు శిథిలాల్లో దొరికిన లేబుళ్ల వల్ల బయటపడ్డాయి. ఆర్డరు ఒకరి చేతిలో పెడితే, అది చేతులు మారి ఇంకెక్కడికో వెళ్లింది. ఎక్కడ కుడుతున్నారో తెలియనివాడు అక్కడి గోడల పగుళ్ల గురించి ఎలా అడుగుతాడు? సరుకు సమయానికి రావడం, దాన్ని చేసినవాళ్లు క్షేమంగా ఇంటికి చేరడం, రెండూ అది ఎక్కడ తయారవుతుందో తెలిసి ఉండడం మీద ఆధారపడి ఉన్నాయి.

నూలు కొనే ప్రతి ఆసామీ, బట్ట కొనే ప్రతి కంపెనీ ఈసారి బేరానికి కూర్చున్నప్పుడు ధర కంటే ముందు ఇవి అడగండి: దారం ఎక్కడ తీశారు, పురి ఎక్కడ పెట్టారు, రంగు ఎవరు వేశారు? జవాబు చెప్పని వ్యాపారి ఎంత చవగ్గా ఇచ్చినా, పెళ్లిళ్ల సీజను సరుకు అతని ఒక్కడి మీదే వదిలేయకండి.